అంతరిక్ష వ్యాపారంలో ప్రైవేటు పెట్టుబడి: తూర్పు హైదరాబాదు నేపథ్యం

రాకెట్లు కట్టడం, ఉపగ్రహాలను కక్ష్యలో పెట్టడం, అవి పంపే సమాచారాన్ని అమ్ముకోవడం మన దేశంలో అర్ధ శతాబ్దం పాటు పూర్తిగా సర్కారు పని. 2020 నుంచి ఆ పనిలో ప్రైవేటు సంస్థలకు చోటిచ్చారు. వాటికి అనుమతులివ్వడానికి ఒక సంస్థ పెట్టారు, విదేశీ పెట్టుబడి నిబంధనలు సడలించారు, వెయ్యి కోట్ల నిధి ప్రకటించారు. తెలుగు నేల మీద ఈ మార్పు అన్నిటికంటే స్పష్టంగా కనిపించేది హైదరాబాదులో. దేశంలో నింగికెగిరిన తొలి ప్రైవేటు రాకెట్టు ఇక్కడి సంస్థదే. అయితే ఈ పరిశ్రమ 2020లో పుట్టినది కాదు. విధానాలేవీ రాకముందే, ఇస్రో, డీఆర్‌డీవో ఆర్డర్ల మీద బతికిన వర్క్‌షాపుల్లో అది యాభై ఏళ్లు పెరిగింది. ప్రోత్సాహం అనగానే రాయితీలు, భూములు, నిధులు గుర్తుకొస్తాయి గానీ, ఈ నగరం అనుభవం చూస్తే అన్నిటికన్నా బాగా పనిచేసింది ప్రభుత్వం ఏళ్ల తరబడి మానకుండా సరుకు కొనడమే.

కంచన్‌బాగ్ నుంచి ఆదిభట్ల దాకా

ఎల్బీ నగర్, దిల్‌సుఖ్‌నగర్ ప్రధానంగా ఇళ్లు, దుకాణాలు, కోచింగ్ సెంటర్లు, హాస్టళ్ల ప్రాంతాలు. రాకెట్ల ఊసు ఇక్కడ పైకి కనపడదు. కానీ ఎల్బీ నగర్ కూడలి నుంచి రింగ్ రోడ్డు పట్టుకుని సాగర్ రింగ్ రోడ్డు, కర్మన్‌ఘాట్ దాటి ఒవైసీ ఆస్పత్రి వైపు వెళితే కొద్ది కిలోమీటర్లలోనే కంచన్‌బాగ్ వస్తుంది. క్షిపణులు రూపొందించే డీఆర్‌డీఎల్, వాటిని తయారుచేసే భారత్ డైనమిక్స్, ప్రత్యేక లోహాలు పోతపోసే మిశ్ర ధాతు నిగమ్ (మిధాని) అన్నీ అక్కడే ఉన్నాయి. 1982లో అబ్దుల్ కలాం డీఆర్‌డీఎల్ డైరెక్టరుగా వచ్చాక, 1983లో మొదలైన సమీకృత క్షిపణి కార్యక్రమం ఈ ప్రాంతాన్ని దేశ రక్షణ పటంలో నిలబెట్టింది. 2021 డిసెంబరులో ఒవైసీ కూడలి, మిధాని కూడలి మధ్య తెరిచిన ఫ్లైఓవర్‌కు ఆయన పేరే పెట్టారు.

1973లో ఏర్పడిన మిధాని చేసే పని కాస్త వివరంగా చెప్పుకోవాలి, ఎందుకంటే మిగతా పరిశ్రమ స్వభావమంతా అందులో తెలుస్తుంది. భారీ రాకెట్టు ఎల్‌వీఎం3 పక్కలకు ఉండే రెండు ఎస్200 బూస్టర్లలో ఒక్కొక్కదానిలో సుమారు రెండు వందల టన్నుల ఘన ఇంధనం మండుతుంది. అప్పుడు పుట్టే పీడనాన్ని తట్టుకునే గొట్టం మారేజింగ్ ఉక్కుతో చేస్తారు. మామూలు ఉక్కుకు బలమిచ్చేది కార్బన్. ఈ ఉక్కులో కార్బన్ దాదాపు ఉండదు, బదులుగా సుమారు 18 శాతం నికెల్, దానితో కోబాల్టు, మాలిబ్డినం ఉంటాయి. మెత్తగా ఉన్నప్పుడే వంచి, వెల్డింగు చేసి, ఆ తర్వాత 480 డిగ్రీల సెల్సియస్ దగ్గర కొన్ని గంటలు ఉంచితే గట్టిపడుతుంది. ఇలాంటి లోహాన్ని ఏ ప్రైవేటు వ్యాపారీ సొంత డబ్బు పెట్టి అభివృద్ధి చేయడు. కొనేవాడు ఒక్కడే, అదీ తక్కువ మొత్తంలోనే. ఆ నష్టాన్ని దశాబ్దాల పాటు ప్రభుత్వం భరించింది కాబట్టే, గొట్టాలు చుట్టే పని, వెల్డింగు పని ఎల్ అండ్ టీ, వాల్‌చంద్‌నగర్ లాంటి ప్రైవేటు కంపెనీల చేతికి వెళ్లగలిగింది.

ఎల్బీ నగర్ నుంచి రెండో దారి నాగార్జునసాగర్ రోడ్డు. హస్తినాపురం, బీఎన్ రెడ్డి నగర్, తుర్కయంజాల్ దాటి బొంగ్లూరు దగ్గర ఔటర్ రింగ్ రోడ్డు తగులుతుంది. ఆ పక్కనే ఆదిభట్ల ఏరోస్పేస్ పార్కు. టాటా సంస్థలు సికోర్‌స్కీ హెలికాప్టర్ క్యాబిన్లు, సీ-130జే విమానం తోక భాగాలు, బోయింగ్ అపాచీ హెలికాప్టర్ బాడీలు ఇక్కడ తయారుచేస్తున్నాయి. ఇవి అంతరిక్షానికి వెళ్లే సరుకు కాదు. అయినా సూక్ష్మమైన కొలతల్లో, ప్రతి ముక్కకూ పుట్టుపూర్వోత్తరాల కాగితం వెంట ఉంచుకుని పనిచేసే కార్మికులు ఇక్కడే తయారవుతున్నారు. ఆటోనగర్‌లో ఇరవై ఏళ్లు లేతు మీద పనిచేసిన మనిషికి కూడా ఆ కాగితం పనే కొత్త. ఏ పోతలోంచి వచ్చిన లోహం, ఎవరు కోశారు, ఎవరు కొలిచారు అని రాసి ఉండకపోతే ముక్క ఎంత బాగున్నా పక్కన పెట్టేస్తారు. రావిర్యాల హార్డ్‌వేర్ పార్కులో ఆస్ట్రా మైక్రోవేవ్ ఉపగ్రహాలకూ రాడార్లకూ కావలసిన ఎలక్ట్రానిక్ భాగాలు చేస్తుంది.

జాబ్‌వర్కుతో మొదలై

హైదరాబాదు ప్రైవేటు అంతరిక్ష రంగానికి అసలు పునాది ఊరికి వాయవ్యాన బాలానగర్‌లో పడింది. 1970లో మొదలైన ఎంటార్ పేరులోనే అప్పటి పని తెలిసిపోతుంది: మెషిన్ టూల్ ఎయిడ్స్ అండ్ రీకండిషనింగ్, అంటే యంత్రాలకు మరమ్మతు, విడిభాగాలు. అణుశక్తి శాఖకు, ఆ తర్వాత ఇస్రోకు జాబ్‌వర్కు చేస్తూ, చివరికి వికాస్ ఇంజిన్లు తయారుచేసే స్థాయికి ఎదిగింది. పీఎస్‌ఎల్‌వీ రెండో దశలో ఒకటి, ఎల్‌వీఎం3లో రెండు వికాస్ ఇంజిన్లు మండుతాయి. 2023 జులై 14న చంద్రయాన్-3ని పైకి తీసుకెళ్లింది ఎల్‌వీఎం3 రాకెట్టే.

1992లో ఇస్రో మాజీ ఇంజనీరు పావులూరి సుబ్బారావు స్థాపించిన అనంత్ టెక్నాలజీస్ ఇంకొక మెట్టు పైకెక్కింది. విడిభాగాలతో ఆగకుండా ఉపగ్రహాలకు, రాకెట్లకు ఎలక్ట్రానిక్ వ్యవస్థలను కూర్చి, పరీక్షించి ఇచ్చింది. ఇస్రోకు సరఫరా చేసే కంపెనీలు దేశం మొత్తం మీద సుమారు 500 అంటారు. వాటిలో చాలావాటి కథ ఇంతే: ఆర్డరు వచ్చింది, యంత్రం కొన్నారు, తర్వాతి ఆర్డరుకు ఇంకో యంత్రం.

ఈ పద్ధతిలో లోపమూ లేకపోలేదు. డిజైన్ ఇస్రోది, పేరు ఇస్రోది, టెండరులో తక్కువ ధర చెప్పిన ఎల్1కే పని. సొంత సరుకు కనిపెట్టి బయట అమ్ముకునే చొరవకు అందులో చోటు లేదు. రాకెట్టు ఏడాదికి నాలుగైదు సార్లు మాత్రమే ఎగిరే దేశంలో ఆ ఆర్డర్లు కూడా పలచనే. పెద్ద పెట్టుబడిదారులు నలభై ఏళ్లు ఇటు తొంగిచూడకపోవడం వింతేమీ కాదు. 2021 మార్చిలో ఎంటార్ షేర్లు మార్కెట్లోకి వచ్చినప్పుడు మాత్రం దాదాపు 200 రెట్ల దరఖాస్తులు వచ్చాయి. మదుపరులకు ఆసక్తి లేకపోలేదు, కొనడానికి వీలైన కంపెనీలే అంతకుముందు తక్కువ.

దేవాస్ గాయం, 2020 మలుపు

1992లో ఇస్రో వాణిజ్య విభాగంగా ఆంట్రిక్స్ ఏర్పడింది. 2005లో అది బెంగళూరు కంపెనీ దేవాస్‌తో ఎస్-బ్యాండ్ తరంగాల మీద చేసుకున్న ఒప్పందాన్ని 2011లో కేంద్రం రద్దు చేసింది. అంతర్జాతీయ మధ్యవర్తులు 2015లో దేవాస్‌కు 56 కోట్ల డాలర్లకు పైగా పరిహారం ఇమ్మన్నారు. 2022 జనవరిలో మన సుప్రీంకోర్టు, ఆ కంపెనీ పుట్టుకే మోసపూరితమని దాన్ని మూసేయాలన్న ఉత్తర్వును సమర్థించింది. తప్పెవరిదన్న దాని మీద రెండు వాదనలున్నాయి. ఈ వ్యాసానికి సంబంధించిన సంగతి మాత్రం ఒకటే: విదేశీ మదుపరులకు భారత అంతరిక్ష రంగం అంటే పదేళ్ల పాటు కోర్టు కేసే గుర్తొచ్చింది.

2019లో న్యూస్పేస్ ఇండియా (ఎన్‌ఎస్‌ఐఎల్) ఏర్పడింది. 2020 మేలో ఆర్థిక మంత్రి నిర్మలా సీతారామన్ ఈ రంగంలోకి ప్రైవేటును ఆహ్వానిస్తున్నట్టు ప్రకటించారు. జూన్ 24న కేంద్ర మంత్రివర్గం ఇన్‌స్పేస్‌కు ఆమోదం తెలిపింది. పరిశోధన ఇస్రోది, వ్యాపారం ఎన్‌ఎస్‌ఐఎల్‌ది, ప్రైవేటుకు అనుమతులూ ఇస్రో సదుపాయాలు ఇప్పించడమూ ఇన్‌స్పేస్ పని. అంతకుముందు ఇస్రోయే పోటీదారు, ఇస్రోయే గుత్తకొనుగోలుదారు, అనుమతిచ్చేదీ ఇస్రోయే. 2023 ఏప్రిల్‌లో వచ్చిన అంతరిక్ష విధానం ఈ విభజనకు అక్షర రూపమిచ్చింది. ఆ జులైలో జీఎస్టీ మండలి ప్రైవేటు ఉపగ్రహ ప్రయోగ సేవలకు పన్ను మినహాయింపు ఇచ్చింది. 2024 ఫిబ్రవరిలో విదేశీ పెట్టుబడి తలుపులు తెరిచారు: ముందస్తు అనుమతి అక్కర్లేకుండా ఉపగ్రహాల్లో 74 శాతం, రాకెట్లు, ప్రయోగ కేంద్రాల్లో 49 శాతం, విడిభాగాల్లో నూటికి నూరు శాతం. అదే ఏడాది అక్టోబరులో వెయ్యి కోట్ల వెంచర్ నిధికి మంత్రివర్గం ఒప్పుకుంది. వెయ్యి కోట్లు వినడానికి పెద్ద సంఖ్యే. సుమారు నలభై సంస్థలకు పంచాలని లెక్క వేశారు కాబట్టి సగటున ఒక్కొక్కదానికి పాతిక కోట్లు. చిన్న ఉపగ్రహం కట్టే సంస్థకు అది ఊపిరి. రాకెట్టు కట్టే సంస్థకు ఒక్క ఇంజిన్ పరీక్షల ఖర్చుకూ సరిపోకపోవచ్చు.

స్కైరూట్

విక్రమ్ సారాభాయ్ అంతరిక్ష కేంద్రంలో పనిచేసిన పవన్ కుమార్ చందన, నాగ భరత్ డాకా 2018 జూన్‌లో హైదరాబాదులో స్కైరూట్ ఏరోస్పేస్ పెట్టారు. అప్పటికి ప్రైవేటు రాకెట్టుకు అనుమతి ఇచ్చే యంత్రాంగమే దేశంలో లేదు. ముందుగా డబ్బు పెట్టింది మింత్రా వ్యవస్థాపకుడు ముకేశ్ బన్సల్. 2021లో 1.1 కోట్ల డాలర్ల విడతకు ముందు నిలబడింది హైదరాబాదు ఇంధన సంస్థ గ్రీన్‌కో వ్యవస్థాపకులు చలమలశెట్టి అనిల్, కొల్లి మహేశ్. అనుమతుల సంస్థ నిలదొక్కుకున్నాక సింగపూరు సర్కారీ నిధి జీఐసీ 2022లో 5.1 కోట్ల డాలర్ల విడతకు నాయకత్వం వహించింది, 2023లో టెమాసెక్ 2.75 కోట్ల విడతకు. వరస గమనించదగ్గది. మొదట రిస్కు తీసుకున్నది సాటి వ్యాపారవేత్తలు, నియమాలు తేలాకే పెద్ద నిధులు వచ్చాయి.

2022 నవంబరు 18 ఉదయం 11:30కి శ్రీహరికోట నుంచి విక్రమ్-ఎస్ ఎగిరింది. ఆరు మీటర్ల పొడవు, 545 కిలోల బరువు, ఒకే ఘన ఇంధన దశ. అది తిన్నగా సాగేలా గిరగిరా తిప్పడానికి త్రీడీ ముద్రణతో చేసిన చిన్న థ్రస్టర్లు. 89.5 కిలోమీటర్ల ఎత్తుకు వెళ్లి ఐదు నిమిషాల్లో సముద్రంలో పడింది. అంతరిక్షం నూరు కిలోమీటర్ల దగ్గర మొదలవుతుందని చాలా దేశాలు పాటించే గీతను అది దాటలేదు, 80 కిలోమీటర్ల అమెరికా లెక్కను దాటింది. పత్రికలు ఆ తేడాను పెద్దగా పట్టించుకోలేదు, పట్టించుకోనక్కర్లేదు కూడా. ఆ రోజు రుజువైంది ఎత్తు కాదు. ఒక ప్రైవేటు కంపెనీ తన రాకెట్టును శ్రీహరికోట కేంద్రం గేటు లోపలికి తెచ్చి, భద్రతా తనిఖీలు దాటించి, ఎగరేయగలదని. అందులో వెళ్లిన మూడు పేలోడ్లలో ఒకటి ఆంధ్రప్రదేశ్‌కు చెందిన ఎన్ స్పేస్ టెక్‌ది.

స్కైరూట్ మోటార్ల గొట్టాలు ఉక్కువి కావు, కార్బన్ నారతో చుట్టినవి. కంచన్‌బాగ్ లోహం నుంచి దారి అక్కడ వేరైంది. సదుపాయాల విషయంలో మాత్రం సర్కారు గడప తొక్కక తప్పలేదు. కక్ష్యకు వెళ్లవలసిన విక్రమ్-1 రెండో దశ మోటారు కలాం-250ని 2024 మార్చి 27న మండించి చూసింది శ్రీహరికోటలోనే, 85 సెకన్ల పాటు. మొదటి దశ కలాం-1200 పరీక్ష కూడా 2025 ఆగస్టులో అక్కడే. టన్నుల కొద్దీ ఘన ఇంధనం నింపిన మోటారును కదలకుండా బిగించి మండించే పరీక్షా స్థలం ఒక స్టార్టప్ సొంతంగా కట్టుకోవాలంటే, ఆ డబ్బుతో రాకెట్టే కట్టొచ్చు. వెయ్యి కోట్ల నిధి కంటే ఈ పరీక్షా స్థలం వాడుకోనిచ్చిన అనుమతే విలువైనదని ఈ వ్యాసకర్త అభిప్రాయం. 2025 నవంబరు 27న ప్రధాని నరేంద్ర మోదీ స్కైరూట్ కొత్త ఫ్యాక్టరీని వీడియో ద్వారా ప్రారంభించి, విక్రమ్-1ను ఆవిష్కరించారు.

ఉపగ్రహాల వాళ్లు

2012లో సంజయ్ నెక్కంటి స్థాపించిన ధ్రువ స్పేస్‌కు తొలి పదేళ్లు ఓర్పు పరీక్షే. 2022 నవంబరు 26న పీఎస్‌ఎల్‌వీ-సీ54లో దాని థైబోల్ట్-1, థైబోల్ట్-2 కక్ష్యకు చేరాయి. అవి హ్యామ్ రేడియో సందేశాలను అందుకుని తిరిగి పంపే బుల్లి ఉపగ్రహాలు. ఎక్స్‌డీలింక్స్, టేక్‌మీ2స్పేస్, అజిస్టా కూడా హైదరాబాదు సంస్థలే. అజిస్టా ఉపగ్రహం ఏఎఫ్ఆర్ 2023 జూన్‌లో స్పేస్‌ఎక్స్ రాకెట్టు మీద వెళ్లింది. మన ఉపగ్రహాన్ని మన రాకెట్టు మీదే పంపాలన్న పట్టింపు వ్యాపారంలో ఉండదు. ఎవరి దగ్గర తొందరగా సీటు దొరికితే వాళ్ల దగ్గరికే వెళతారు.

కొనుగోలుదారు సంగతికొస్తే, ఇటీవలి రెండు నిర్ణయాలు పరస్పరం విరుద్ధంగా ఉన్నాయి. 2024 అక్టోబరులో కేంద్రం ఆమోదించిన సుమారు 27,000 కోట్ల నిఘా ఉపగ్రహాల పథకంలో 52 ఉపగ్రహాలకు గాను 31 ప్రైవేటు సంస్థలు కడతాయి. ఇది ఫ్యాక్టరీ పెట్టుకునే ధైర్యమిచ్చే ఆర్డరు. 2025లో ఇన్‌స్పేస్ భూ పరిశీలన పథకాన్ని పిక్సెల్ నాయకత్వంలో ధ్రువ, పియర్‌సైట్, శాట్‌ష్యూర్ కలిసిన కూటమి దక్కించుకుంది. 12 ఉపగ్రహాలకు 1,200 కోట్లకు పైగా సొంతంగా పెట్టుబడి, ప్రభుత్వం నుంచి అడిగిన సాయం సున్నా. ఎల్1 సూత్రం చివరకు ఎంత దూరం వెళ్లగలదో ఇది చూపించింది. పైసా ఖర్చు లేకుండా ప్రభుత్వానికి కూటమి దొరికింది, నిజమే. రేపు సమాచారం కొనేవాళ్లు చాలినంతమంది లేకపోతే నష్టం మొత్తం మదుపరుల మీద పడుతుంది. అనంత్ టెక్నాలజీస్ సుమారు 3,000 కోట్లతో సొంత సమాచార ఉపగ్రహం పెట్టి 2028 నుంచి ఇంటర్నెట్ ఇస్తానంటోంది. పాత సరఫరాదారు తానే యజమాని కావడానికి వేసిన అడుగు ఇది.

రాష్ట్రాలు

తెలంగాణ 2022 ఏప్రిల్ 18న స్పేస్‌టెక్ విధాన చట్రం విడుదల చేసింది. ఆ విడుదల మెటావర్స్‌లో జరగడం అప్పట్లో వింత, ఇప్పుడు ఎవరికీ గుర్తులేదు. ఆంధ్రప్రదేశ్ 2025లో అంతరిక్ష విధానం తెచ్చి లేపాక్షి, తిరుపతిల్లో స్పేస్ సిటీలు ప్రతిపాదించింది. శ్రీహరికోట తిరుపతి జిల్లాలో ఉండటం దానికి పెట్టుబడి. తమిళనాడు కులశేఖరపట్నంలో చిన్న రాకెట్ల కోసం రెండో ప్రయోగ కేంద్రానికి 2024 ఫిబ్రవరిలో శంకుస్థాపన జరిగింది. మూడు రాష్ట్రాలూ భూమి, రాయితీలే చూపిస్తున్నాయి. హైదరాబాదు మొగ్గు వేరే చోట ఉంది: కంచన్‌బాగ్, బాలానగర్‌లలో ముప్పై ఏళ్లు పనిచేసి రిటైరైన ఇంజనీర్లు, టెక్నీషియన్లు ఊళ్లోనే ఉన్నారు. సాగర్ రోడ్డు వెంట ఇంజనీరింగ్ కాలేజీలకు కొదవ లేదు. అక్కడ చదివినవాళ్లు మాత్రం దిల్‌సుఖ్‌నగర్‌లో జావా కోర్సులో చేరి మాధాపూర్ వైపు వెళతారు. వెల్డింగు అతుకులను ఎక్స్‌రేతో పరీక్షించగల మనిషి దొరకడం కోడ్ రాసే మనిషి దొరకడంకన్నా కష్టం.

అమెరికా దారి

అమెరికాలో 1984 నాటి చట్టం ప్రైవేటు ప్రయోగాలకు లైసెన్సు పద్ధతి తెచ్చింది. అసలు మలుపు మాత్రం నాసా కొనుగోలు తీరు మారడంతో వచ్చింది. 2006 నుంచి నాసా అయిన ఖర్చుకు లాభం కలిపి ఇచ్చే పద్ధతి వదిలి, సరుకు అంతరిక్ష కేంద్రానికి చేరేసే పనికి స్థిర ధర మాట్లాడుకుంది. స్పేస్‌ఎక్స్ తొలి మూడు ఫాల్కన్-1 ప్రయోగాలు విఫలమై, నాలుగోది 2008 సెప్టెంబరు 28న కక్ష్యకు చేరింది. ఆ డిసెంబరులోనే నాసా దానికి 12 ప్రయాణాలకు 160 కోట్ల డాలర్ల ఒప్పందం ఇచ్చింది. కంపెనీ నిలబడింది ఆ ఆర్డరు మీద.

ఈ రంగం తరఫున చట్టసభల చుట్టూ తిరిగిన వాళ్లలో తెలుగు మూలాలున్న శిరీష బండ్ల ఒకరు. ప్రైవేటు కంపెనీల సంఘం కమర్షియల్ స్పేస్‌ఫ్లైట్ ఫెడరేషన్‌లో పనిచేసి, తర్వాత వర్జిన్ గెలాక్టిక్‌లో ప్రభుత్వ వ్యవహారాలు చూశారు. 2021 జులై 11న ఆ సంస్థ నౌకలోనే ప్రయాణించారు. విజయవాడలో పుట్టిన తోటకూర గోపీచంద్ 2024 మే 19న బ్లూ ఆరిజిన్ నౌకలో వెళ్లారు. ఇలాంటి ప్రయాణికుల భద్రతకు నిబంధనలు పెట్టే అధికారాన్ని అమెరికా కాంగ్రెస్ 2004లో పక్కన పెట్టి, 2028 జనవరి దాకా పొడిగిస్తూ వచ్చింది. పరిశ్రమకు ఇది వెసులుబాటు. ప్రయాణికుడు మాత్రం ముప్పు తెలిసే ఎక్కుతున్నానని సంతకం పెట్టి కూర్చోవాలి.

పూచీ ఎవరిది

1967 అంతరిక్ష ఒప్పందం ప్రకారం ప్రైవేటు సంస్థ చేసిన పనికీ దాని దేశమే ప్రపంచానికి జవాబుదారీ. 1972 ఒప్పందం ప్రకారం రాకెట్టు శకలం మరో దేశపు నేల మీద పడి నష్టం చేస్తే, తప్పు ఎవరిదన్న వాదనతో నిమిత్తం లేకుండా ప్రయోగించిన దేశం చెల్లించాలి. రెండింటిలోనూ భారత్ ఉంది. అమెరికా 1988లోనే దీనికి లెక్క తేల్చుకుంది: ఒక పరిమితి వరకు కంపెనీ బీమా, అది దాటితే కొంత మేర ప్రభుత్వం. పరిమితి తెలిస్తే బీమా కంపెనీ ప్రీమియం చెప్పగలదు, ప్రీమియం తెలిస్తే మదుపరి లెక్క వేసుకోగలడు.

ఈ ప్రశ్న ఊహాగానం కాదు. 2025 మే 18న పీఎస్‌ఎల్‌వీ-సీ61, 2026 జనవరి 12న సీ62 వరసగా మూడో దశలో దెబ్బతిన్నాయి. సీ62తో పాటు ధ్రువ, టేక్‌మీ2స్పేస్ ఉపగ్రహాలూ పోయాయి. ముప్పై ఏళ్లుగా నమ్మకానికి మారుపేరైన రాకెట్టుకే ఇలా జరిగితే, కొత్త కంపెనీల తొలి ప్రయోగాలకు బీమా ధర ఎలా ఉంటుందో ఊహించవచ్చు. అంతరిక్ష కార్యకలాపాల బిల్లు ముసాయిదాను కేంద్రం 2017లో జనాభిప్రాయానికి పెట్టింది. 2023 విధానం చట్టం కాదు, దాన్ని కోర్టులో అమలు చేయించుకోలేరు. 2024 మేలో ఇన్‌స్పేస్ విడుదల చేసిన మార్గదర్శకాలు అనుమతుల పద్ధతిని వివరించాయి గానీ, అమెరికాలో లాగా ప్రభుత్వం ఎంత వరకు భరిస్తుందన్న అంకెకు చట్టబద్ధత రావాలంటే పార్లమెంటు పూనుకోవలసిందే. అంతదాకా కంపెనీకైనా, బీమా సంస్థకైనా చేతిలో ఉండేది ఆ అనుమతి పత్రంలోని షరతులే.